పాలు తర్వాత, ముందు వెచ్చదనం

పోయిన నెల ఈ శీర్షికలో కుక్కపిల్లలు చెప్పులు కొరకడం గురించి రాశాను. తర్వాత వచ్చిన ఉత్తరాల్లో కుక్కల ఊసే లేదు. సంచి విప్పితే అన్నీ పిల్లి పిల్లలే. అందుకే ఈసారి వాటికే జవాబులు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక మాట. నేను పశువైద్యురాలిని కాను. పసిబిడ్డల వార్డులో 31 ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యాను. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక అక్కడ ఇంకో వార్డు నడిపేదాన్ని, అట్టపెట్టెల వార్డు. తల్లి లేని పిల్లికూనలు ఇప్పటికి 43 నా చేతుల్లో పెరిగాయి. అందులో 9 దక్కలేదు. ఆ లెక్క కూడా నా నోటుపుస్తకంలోనే ఉంది. మందుల మోతాదులు మాత్రం నన్ను అడగొద్దు, రాయను. అవి డాక్టరు కూనని తూచి చెప్పాల్సినవి.

ప్రశ్న: మేడమ్, నిన్న సాయంత్రం వానలో తడుస్తున్న పిల్లి పిల్ల ఒకటి గోడ పక్కన దొరికింది. కళ్ళు ఇంకా తెరవలేదు. అరచేతిలో సరిపోతుంది. పాలు వెచ్చబెట్టి చుక్కచుక్కగా పోస్తున్నాను. మింగడం లేదు, మూతి పక్క నుంచి కారిపోతున్నాయి. ఒళ్ళు చల్లగా ఉంది. ఇందాకటి నుంచి అరవడం కూడా మానేసింది. ఏ పాలు పట్టాలి? (కాళ్ళూ చేతులూ ఆడని ఒక గృహిణి)

జవాబు: ఈ ఉత్తరం చివర ఫోన్ నంబరు ఉంది కాబట్టి వెంటనే మాట్లాడాను. ఇలాంటి ప్రశ్న పత్రిక వచ్చేదాకా ఆగదు కదా. ఆవిడతో నేనన్న మొదటి మాట, ఏ పాలూ వద్దమ్మా, సీసా పక్కన పెట్టండి అని.

పుట్టిన మొదటి వారంలో పిల్లికూనకి వణకడం కూడా చేతకాదు. ఒంట్లో వేడి పుట్టించుకోలేదు, ఉన్నది నిలుపుకోలేదు. తల్లి పొట్టే దాని కుంపటి. ఆ కుంపటి లేకపోతే గంటల్లో చల్లబడిపోతుంది. ఒళ్ళు చల్లబడితే పేగులు కదలవు. లోపలికెళ్ళిన పాలు అరక్క అక్కడే నిలవుండి పొట్ట ఉబ్బుతుంది. మింగే శక్తి కూడా తగ్గుతుంది కాబట్టి పోసిన పాలు ఊపిరితిత్తుల్లోకి జారతాయి. ఆకలితో పోయే కూనల కంటే ఇలా పోయేవే ఎక్కువని నా అనుభవం.

కాబట్టి ముందు తడి తుడవండి. పొడి తువ్వాలుతో మెల్లగా, రుద్దకుండా. తర్వాత మీ రవికెలోనో చొక్కాలోనో, మీ చర్మానికి ఆనుకునేలా పెట్టుకుని పైన ఇంకో గుడ్డ కప్పుకోండి. బరువు తక్కువగా పుట్టిన బిడ్డల్ని తల్లి గుండెలకి కట్టే కంగారూ పద్ధతి ఉందే, అచ్చం అదే. ఈలోగా ఇంట్లో ఎవరైనా వేడినీళ్ళ సంచి సిద్ధం చేస్తారు. అది లేకపోతే గట్టి మూత ఉన్న సీసాలో వేడినీళ్ళు పోసినా సరే. దానికి గుడ్డ రెండు మడతలు చుట్టి అట్టపెట్టెలో ఒక పక్కనే పెట్టండి. పెట్టె అంతా వేడిగా ఉండకూడదు. ఎక్కువైతే కూన పాక్కుంటూ చల్లటి వైపు జరగడానికి చోటుండాలి. నీళ్ళు చల్లారాక ఆ సంచి పక్కనే ఉంచేస్తే అది కూన ఒంటి వేడిని తిరిగి లాగేస్తుంది. రాత్రి పూట చాలామంది మరిచిపోయేది ఇదే. అలారం పెట్టుకోండి.

గబగబా వేడి చేయకండి. జుట్టు ఆరబెట్టే మిషన్లు, కాలే బల్బులు, వేడినీళ్ళ స్నానాలు వద్దు. గంట పట్టినా, రెండు గంటలు పట్టినా నిదానంగానే. థర్మామీటరు పెట్టి చూడటం వచ్చినవాళ్ళకి ఒక గుర్తు: మొదటి వారంలో కూన ఒంటి వేడి 35 నుంచి 37 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. 35 కంటే తక్కువ ఉంటే చుక్క పాలు కూడా వద్దు. థర్మామీటరు లేకపోతే మీ చిటికెన వేలు దాని నోట్లో పెట్టి చూడండి. నోరు చల్లగా తగిలితే ఇంకా టైముంది. నోరు వెచ్చబడి, వేలిని చప్పరించడం మొదలుపెడితే అప్పుడు పాల మాట. వెచ్చబడ్డాక కూడా తల వాల్చేస్తుంటే చక్కెర నీళ్ళో గ్లూకోజు నీళ్ళో వేలితో ఒక చుక్క చిగుళ్ళకి రాసి, డాక్టరు దగ్గరికి బయల్దేరండి. దారిలో కూడా చొక్కాలోనే.

ఇది నేను పుస్తకం చూసి నేర్చుకోలేదు. ఉద్యోగంలో అయిదో ఏడు, నైట్ డ్యూటీ దిగి వస్తుంటే సైకిల్ స్టాండు దగ్గర నారింజ చారల కూన ఒకటి దొరికింది. చలి తగిలిన బిడ్డని వార్మర్ కింద పెట్టకుండా పాలు ఇవ్వకూడదని అదే రాత్రి కొత్తగా చేరిన అమ్మాయికి చెప్పి వచ్చిన మనిషిని. ఇంటికొచ్చి ఏం చేశాను? ఆ చల్లటి కూనని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని, ఆవుపాలు పట్టాను. ముక్కులోంచి చిన్న బుడగ వచ్చింది. తుడిచి మళ్ళీ పట్టాను. మధ్యాహ్నానికి పోయింది. నోటుపుస్తకంలో మొదటి పేజీ దానిదే. పేరు లేదు, తారీఖు ఉంది.

ఉత్తరం రాసినావిడ కూన రెండున్నర గంటలకి ఆవిడ వేలు చప్పరించింది. ఆ రోజు బరువు 112 గ్రాములు. పోయిన ఆదివారం 190 అని ఫోన్ చేశారు.

ప్రశ్న: మెట్ల కింద రెండు పిల్లి పిల్లలు అరుస్తున్నాయి. తల్లి కనిపించడం లేదు. మా పిల్లలు ఇంట్లోకి తెద్దామని ఒకటే గోల. ముట్టుకుంటే తల్లి మళ్ళీ దగ్గరికి రానివ్వదని మా అత్తగారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అత్తగారి మాట చాలామంది అనేదే, కానీ నిజం కాదు. మనిషి వాసన తగిలిందని పిల్లి తన పిల్లల్ని వదిలేయదు. అయినా ముట్టుకోకండి, ఇంకో కారణానికి.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా. ఒక్కోసారి మీరు చూసేది ఆ తిప్పడం మధ్యలో. ఒకదాన్ని నోట కరుచుకుని వెళ్ళింది, మిగిలిన రెండిటి కోసం ఇంకా రాలేదు. లేదా తిండి వెతుక్కోవడానికి వెళ్ళింది. మీరూ పిల్లలూ అక్కడే మూగి నిలబడితే అది దూరంగా కూర్చుని మీరెప్పుడు పోతారా అని చూస్తుంటుంది.

దూరం నుంచే చూడండి. కూనలు శుభ్రంగా, పొట్టలు గుండ్రంగా ఉండి, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతుంటే తల్లి ఉన్నట్టే. ఒళ్ళు మాసి, పొట్టలు లోపలికి పోయి, ఎంతసేపటికీ ఏడుపు ఆపకపోతే అనుమానించాలి. నేనొక చిట్కా వాడతాను. కూనల చుట్టూ కొంచెం ఎడంగా నేల మీద పిండి పలచగా చల్లి వెళ్ళిపోతాను. కొన్ని గంటల తర్వాత వచ్చి పిండిలో పాదాల అచ్చులు చూస్తాను. ఉంటే తల్లి వచ్చి వెళ్ళినట్టు.

వాన, చీమలు, కుక్కలు, బళ్ళు, ఇలాంటి ప్రమాదం ఉంటే మాత్రం చూస్తూ కూర్చోవద్దు, వెంటనే తీసేయండి. కూన చల్లబడి ఉన్నా అంతే. మనం ఎంత బాగా పెంచినా తల్లి పాలకి సమానం కాదు. మొదటి రోజు వచ్చే ముర్రుపాలల్లో ఉండే రక్షణ ఏ డబ్బాలోనూ దొరకదు. తల్లి వస్తే పెద్దమనిషి తరహాగా తప్పుకుని, ఆ తల్లికి తిండీ నీళ్ళూ పెట్టండి. మీ పిల్లలకి ఆ పని అప్పగించండి, గోల తగ్గుతుంది.

ప్రశ్న: అమ్మా, వారం వయసున్న కూనని తెచ్చుకున్నాం, 150 గ్రాములు ఉంది. ఒకరు ఆవుపాలల్లో నీళ్ళు కలపమంటారు, ఒకరు చంటిపిల్లల డబ్బా పాలు అంటారు. ఎన్ని పట్టాలి, ఎలా పట్టాలి, ఎన్నిసార్లు? వివరంగా రాయండి. (కొత్తగా పెళ్ళయిన దంపతులు)

జవాబు: రెండూ వద్దు. పిల్లి పాలల్లో మాంసకృత్తులు ఆవుపాలకి రెట్టింపు ఉంటాయి. అలాంటిది ఆవుపాలల్లో మళ్ళీ నీళ్ళు కలిపితే కూన కడుపు నిండుతుంది, ఒళ్ళు ఎండుతుంది. పైగా విరేచనాలు పట్టుకుంటాయి. ఇంత చిన్న ఒంటికి ఒక పూట విరేచనాలే ప్రాణం మీదికి తెస్తాయి. పిల్లి పిల్లల కోసమే చేసిన పాలపొడి దొరుకుతుంది, అదే వాడండి. అర్ధరాత్రి దొరికి, పొడి చేతికి రావడానికి తెల్లారాలంటే, వెచ్చబడిన కూనకి ఓఆర్‌ఎస్ నీళ్ళు గోరువెచ్చగా ఒకటి రెండు పూటలు పట్టి గట్టెక్కించవచ్చు. అది ఆ రాత్రికే.

ఇక లెక్క. కంటి అంచనా కాదు, తూకం కావాలి. గ్రాములు చూపించే వంటింటి తూకం చాలు. గిన్నెలో గుడ్డ వేసి, అంకె సున్నా చేసి, కూనని కూర్చోబెట్టండి. నూరు గ్రాముల బరువుకి రోజు మొత్తానికి సుమారు 20 నుంచి 25 మిల్లీలీటర్ల పాలు. మీ 150 గ్రాముల కూనకి 30 నుంచి 37. వారం వయసుకి మూడు గంటలకోసారి, అంటే రోజుకి ఎనిమిది సార్లు. పూటకి నాలుగు, నాలుగున్నర మిల్లీలీటర్లు. పొడి డబ్బా మీద వేరే కొలత ఉంటే దాన్ని పాటించండి, ఒక్కో పొడి చిక్కదనం ఒక్కో రకం. ఒక్క పూటకి మాత్రం నూరు గ్రాములకి 5 మిల్లీలీటర్లు దాటనివ్వకండి. పొట్ట అంతే ఉంటుంది. ఇంకా కావాలని ఏడ్చినా సరే, ఇంకో గంట ముందుగా మళ్ళీ పట్టండి గానీ ఒకేసారి కుక్కకండి.

పాలు మణికట్టు లోపలి వైపు చుక్క వేసుకుంటే వేడీ చల్లనా తెలియకుండా ఉండాలి. సీసా తలకిందులు చేస్తే చుక్కచుక్కగా పడాలి, ధార కట్టకూడదు. ధార కట్టే నిపుల్ పారేయండి. ఒకవేళ సిరంజితో అయితే ఒక మిల్లీలీటరు సిరంజి తీసుకుని, కూన చప్పరించే వేగానికే నొక్కండి. మీ తొందరకి కాదు.

కూనని బోర్లా ఉంచండి. తల్లి దగ్గర ఎలా తాగుతుందో అలా, నాలుగు కాళ్ళూ కింద, తల కొంచెం పైకి. ముందు కాళ్ళకి మడత పెట్టిన తువ్వాలు అందిస్తే పిండి పిసికినట్టు పిసుకుతూ తాగుతుంది. అది చూస్తే మీ నిద్ర లేమి అంతా మరిచిపోతారు. వెల్లకిలా మాత్రం ఎప్పుడూ వద్దు, నా మొదటి పేజీ గుర్తుపెట్టుకోండి. ముక్కులోంచి పాలు వస్తే ఆపేయండి, తల కొంచెం కిందికి వంచి తుడవండి, ఊపిరి సర్దుకునే దాకా ఆగండి. తర్వాత ఎగశ్వాస గానీ, గరగర చప్పుడు గానీ ఉంటే ఆ రోజే డాక్టరు. తాగాక భుజం మీద వేసుకుని వీపు నిమరండి, మన పిల్లలకి తేనుపు తెప్పించినట్టే.

మిగిలిన పాలు దాచకండి. సీసా, నిపుల్ ప్రతిసారీ కడిగి వేడినీళ్ళలో మరిగించండి. రెండో వారం నుంచి మూడు నాలుగు గంటలకి, మూడో వారం నుంచి నాలుగు నుంచి ఆరు గంటలకి ఒకసారి చాలు.

రోజూ ఒకే వేళకి తూచి రాయండి. ఆరోగ్యంగా ఉన్న కూన రోజుకి 10 నుంచి 15 గ్రాములు పెరుగుతుంది. పుట్టినప్పుడు సుమారు 100 ఉన్నది నెల నిండేసరికి 400, 450కి వస్తుంది. ఒక రోజు పెరగకపోతే పాలు, వేడి రెండూ సరిచూసుకోండి. తగ్గితే ఆగొద్దు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వార్డులో కూడా అంతే, బిడ్డ ముఖం కంటే ముందు చార్టు చెబుతుంది.

ప్రశ్న: పాలు బాగానే తాగుతోంది కానీ రెండు రోజుల నుంచి ఒంటికీ రెంటికీ వెళ్ళలేదు. పొట్ట గట్టిగా ఉంది.

జవాబు: మీరు వెళ్ళేలా చేయలేదు కాబట్టి వెళ్ళలేదు. మూడు వారాలు వచ్చేదాకా దానంతట అది చేయలేదు. తల్లి నాకి చేయిస్తుంది. మీకు నాలుక బదులు దూది ఉంది. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండి, ప్రతి పాలకి ముందో తర్వాతో తోక కింద మెల్లగా తడుతూ ఉండండి. ఒక నిమిషంలో మూత్రం వస్తుంది. లేత పసుపు రంగులో ఉండాలి. ముదురు పసుపైతే నీరు చాలడం లేదన్నమాట. రెండోది రోజుకి ఒకసారైనా, ఆవపిండి ముద్దలా మెత్తగా రావాలి. రుద్దకండి, చర్మం కందిపోతుంది. రెండు రోజులై పొట్ట గట్టిపడిందంటున్నారు కాబట్టి మీది దూదితో ఆగే సంగతి కాదు. ఇది చదివాక కాదు, ఇప్పుడే డాక్టరుకి చూపించండి. ఇంట్లో ఉన్న విరేచనాల మందు వేయకండి.

ప్రశ్న: మా కూన వయసెంతో ఎలా తెలుస్తుంది? కళ్ళు నీలంగా ఉన్నాయి కాబట్టి మేలు జాతి అంటున్నారు.

జవాబు: అన్ని కూనల కళ్ళూ మొదట నీలమే. అసలు రంగు ఆరేడు వారాలకి తేలడం మొదలవుతుంది. జాతి సంగతి వదిలేయండి.

బొడ్డు తాడు ఇంకా అంటుకుని ఉంటే అయిదు రోజుల లోపుది. కళ్ళు తెరవడం వారానికీ రెండు వారాలకీ మధ్య. చెవులు తలకి అంటుకుని ఉంటే చిన్నది, మూడు వారాలకి నిక్కుతాయి. చిగుళ్ళలో ముందు పళ్ళు గరుకుగా తగిలితే రెండు మూడు వారాలు, కోరలు కనిపిస్తే మూడు నాలుగు. తాగుబోతులా తూలుతూ నడిస్తే మూడు, తోక నిలబెట్టి పరిగెత్తితే అయిదు. కళ్ళు తెరుచుకునే ముందు రెప్పల కింద ఉబ్బి చీము కనిపిస్తే మాత్రం వాటంతట అవే తెరుచుకుంటాయని ఆగకండి. లోపల గుడ్డు దెబ్బతింటుంది. ఆ రోజే చూపించాలి.

ప్రశ్న: మా కూన ఒంటి నిండా గెంతే సన్నటి పురుగులు. మా కుక్కకి వాడే మందు ఉంది, కొంచెం వేయొచ్చా?

జవాబు: వద్దు. ఆ డబ్బా ఎత్తి అలమర పైన పెట్టేయండి. కుక్కల మందుల్లో చాలావాటిలో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. కుక్కకి ఏమీ కాదు, పిల్లికి విషం. పిల్లి కాలేయం దాన్ని విరవలేదు, వణుకు, ఫిట్స్ వస్తాయి. పారాసిటమాల్ కూడా ఇదే కోవలోది. కూన వెచ్చగా ఉందని జ్వరం చుక్కలు వేసి చంపుకున్నవాళ్ళని చూశాను. ఒక్కసారి కూడా వద్దు.

అలాగని ఈ పురుగుల్ని తేలిగ్గా తీసుకోకండి. కూన ఒంట్లో ఉండే రక్తమే కొంచెం, అవి దాన్నే పీలుస్తాయి. పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబీ రంగులో కాకుండా తెల్లగా పాలిపోయి ఉంటే అది అత్యవసరమే. చిగుళ్ళు బాగుంటే, దగ్గరి పళ్ళున్న పేల దువ్వెనతో దువ్వి, పురుగుల్ని సబ్బు నీళ్ళ గిన్నెలో ముంచండి. రోజుకి రెండు పూటలా. స్నానం తప్పదనుకుంటే గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం గిన్నెలు కడిగే సబ్బు, ముఖం తడపకుండా రెండు నిమిషాల్లో ముగించి పూర్తిగా ఆరబెట్టి వేడి సంచి పక్కన పెట్టండి. గుడ్డలు రోజూ మార్చండి, గుడ్లన్నీ వాటిలోనే ఉంటాయి. కడుపులో నులిపురుగుల మందు రెండు మూడు వారాల వయసు నుంచే మొదలుపెడతారు, అది ఎప్పుడో ఎంతో డాక్టరుని అడగండి.

ప్రశ్న: మా కోడలికి నాలుగో నెల. మా అబ్బాయి పిల్లి పిల్లని తెచ్చాడు. కడుపుతో ఉన్నవాళ్ళు పిల్లి దగ్గరికి వెళ్ళకూడదంటారు. మాకు టెన్షన్‌గా ఉంది. (ఒక కాబోయే బామ్మ)

జవాబు: భయపడాల్సింది పిల్లి గురించి కాదు, దాని మలం గురించి. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి కొన్ని పిల్లుల మలంలో వస్తుంది. గర్భిణికి అప్పుడే మొదటిసారి సోకితే కడుపులో బిడ్డకి ప్రమాదం. కానీ మలం బయటపడిన వెంటనే అది అంటదు, ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. కాబట్టి పిల్లి ట్రేని రోజూ తీసేస్తే ముప్పు చాలా వరకు తగ్గుతుంది. ఆ పని మీ అబ్బాయి చేయాలి. తెచ్చింది ఆయనే కదా. కోడలు ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు. పిల్లికి పచ్చి మాంసం పెట్టకండి. అసలు ఈ జబ్బు సరిగ్గా ఉడకని మాంసం వల్ల, కడగని కూరగాయల వల్ల కూడా వస్తుంది, ఆ జాగ్రత్త పిల్లి లేని ఇంట్లోనూ కావాలి. ఆవిడ డాక్టరుకి ఇంట్లో పిల్లి ఉందని చెప్పండి, రక్త పరీక్ష కావాలో లేదో వాళ్ళు చూస్తారు.

ఇంకో మాట, మీరు అడగకపోయినా. వీధిలో దొరికిన కూన ఎవరినైనా కరిచినా, గోరు లోతుగా దిగినా, ఆ చోటు సబ్బు పెట్టి నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. చిన్నది కదా అనుకోవద్దు. రేబిస్ వచ్చాక మందు లేదు.

ప్రశ్న: నేను ఒక్కడినే ఉంటాను. పొద్దున తొమ్మిదికి వెళ్తే సాయంత్రం ఏడవుతుంది. పది రోజుల కూన దొరికింది. పెంచగలనా మేడమ్?

జవాబు: ఒక్కడివే అయితే పెంచలేవు నాయనా. పది రోజుల కూన పది గంటలు ఆకలితో ఉండలేదు. నువ్వు మంచివాడివని దాని కడుపు ఆగదు. ఆఫీసుకి పెట్టెతో సహా తీసుకెళ్ళగలిగితే ఒక దారి. పగలు చూసే పక్కింటి మనిషి దొరికితే ఇంకో దారి. నా డ్యూటీ రోజుల్లో పగలు మా అమ్మ పట్టేది, రాత్రి నేను. అన్నిటికంటే మంచి దారి, పాలిస్తున్న తల్లి పిల్లి ఎక్కడైనా ఉందేమో జంతువుల డాక్టరు దగ్గర వాకబు చేయడం. చాలా తల్లులు పరాయి కూనని కూడా తమ వాటితో పాటే నాకి పడుకోబెట్టుకుంటాయి. ఇంకొకరికి ఇచ్చేస్తే నువ్వు చేతులు దులుపుకున్నట్టు కాదు. అయిదారు వారాలు దాటి, తనంతట తాను తినే కూన కావాలంటే అప్పుడు తెచ్చుకో. కుదిరితే రెండు. ఒంటరి కూన నీ చేతినే తోబుట్టువనుకుని కొరుకుతుంది.

ప్రశ్న: మీరు చెప్పినట్టే అన్నీ చేశాను. బరువు కూడా రాశాను. పన్నెండో రోజు పొద్దున లేచేసరికి లేదు. ఎక్కడ తప్పు చేశాను? (పేరు రాయొద్దన్న పాఠకురాలు)

జవాబు: మీరు పంపిన కాగితం మూడుసార్లు చదివాను. అంకెలన్నీ సక్రమంగా ఉన్నాయి. చివరి రెండు రోజులు 4 గ్రాములు, 2 గ్రాములు మాత్రమే పెరిగింది. మీరు ఆ పక్కన ప్రశ్నార్థకం పెట్టారు, డాక్టరుకి చూపించారు కూడా. నాకు అందులో మీ తప్పు కనిపించలేదు. పుట్టుకతో గుండెలోనో పేగుల్లోనో లోపం ఉన్నవి ఉంటాయి. తల్లి ఒక్కోసారి ఒకదాన్ని పక్కకి నెట్టేయడానికి అదీ ఒక కారణం. పసిబిడ్డల వార్డులో అన్ని మిషన్లూ డాక్టర్లూ ఉండి కూడా కొందరిని ఇంటికి పంపలేకపోయాం. అలాంటి రోజు నేను ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. మీరు కూడా కొన్నాళ్ళు మాట్లాడకపోతే ఇంట్లోవాళ్ళు అర్థం చేసుకోవాలి.

ఒక్క జాగ్రత్త. వెంటనే ఇంకో కూనని తెచ్చుకోకండి, తెచ్చినా ఆ పెట్టె, గుడ్డలు, సీసా వాడకండి. పాన్‌ల్యూకోపీనియా అనే పిల్లుల అంటుజబ్బు క్రిమి ఇంట్లో ఏడాది దాకా బతకగలదు. మీ కూన దానితోనే పోయిందని కాదు. నేల పలచటి బ్లీచింగ్ నీళ్ళతో తుడిచి బాగా ఆరనివ్వండి. ఘాటు వాసన వచ్చే ఫినైల్ పిల్లులకి పడదు. ఈ జబ్బుకి టీకా ఉంది, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటిది వేస్తారు, తర్వాత మూడు నాలుగు వారాల తేడాతో మళ్ళీ. రేబిస్ టీకా మూడు నెలలకి.

ప్రశ్న: నెల దాటింది, ఇంకా సీసానే. గట్టి తిండి ఎప్పుడు?

జవాబు: ఇప్పుడే. నిపుల్‌ని నమలడం మొదలుపెట్టిందంటే అదే అడుగుతోంది. కూనల కోసం చేసిన మెత్తటి తిండిని దాని పాలల్లోనే జావలా కలిపి వేలితో నాకించండి, తర్వాత పళ్ళెంలో. మొదటి వారం పళ్ళెంలో నిలబడి తింటుంది, తిన్నదానికంటే పూసుకున్నది ఎక్కువ. తుడవడానికి గుడ్డ సిద్ధంగా పెట్టుకోండి. కుక్కల తిండి పెట్టకండి. పిల్లికి టారిన్ అనే పోషకం తిండి నుంచే రావాలి, అది చాలకపోతే కళ్ళూ గుండే దెబ్బతింటాయి. అంచు తక్కువున్న ట్రేలో చింపిన కాగితాలు వేసి చూపించండి, మిగతాది దానికి తెలుసు. గడ్డకట్టే రకం ఇసుక ఇంకో నెల దాకా వద్దు, నోట్లో పెట్టుకుంటాయి.

ప్రశ్న: తెలుపు, నలుపు, నారింజ మచ్చల కూనకి రాజా అని పేరు పెట్టాం. ఇప్పుడు చూసినవాళ్ళందరూ ఆడది అంటున్నారు. మా అబ్బాయి ఒప్పుకోవడం లేదు.

జవాబు: ఆ మూడు రంగులూ ఒకే ఒంటి మీద ఉంటే దాదాపు ఎప్పుడూ ఆడదే. నారింజ రంగుని నిర్ణయించే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. నారింజ, నలుపు రెండూ రావాలంటే మామూలుగా రెండు ఎక్స్‌లు కావాలి, అవి ఉండేది ఆడదానికే. మీ అబ్బాయికి ఇంకా నమ్మకం కుదరకపోతే తోక ఎత్తి చూపించండి. మగదానికి మన విసర్గలాగా రెండు సున్నాలు ఎడంగా ఉంటాయి. ఆడదానికి రెండూ దగ్గర దగ్గరగా, కిందిది సున్నాలా కాకుండా చిన్న నిలువు గీతలా ఉంటుంది. 43లో నేను కూడా నాలుగు సార్లు పొరబడ్డాను.

ఆడది కాబట్టి ఒక తారీఖు గోడ మీద రాసి పెట్టుకోండి. నాలుగు నెలలకే ఎదకి రావచ్చు, ఆ తర్వాత తొమ్మిది వారాల్లో మీ ఇంట్లో ఇంకో నాలుగు అట్టపెట్టెలు కావాలి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఎప్పుడో ఇప్పుడే డాక్టరుతో మాట్లాడండి. పేరు మార్చక్కర్లేదు. ఏ పేరు పెట్టినా వినిపిస్తుంది, రావాలా వద్దా అన్నది దాని ఇష్టం.